ఓరుగల్లు వీధుల్లో ఏడేళ్ళు: 35 మి.మీ. ఫిక్స్‌డ్ లెన్స్ మీద నా సమీక్ష

2018 వర్షాకాలంలో హన్మకొండలో ఒక మిత్రుని దగ్గర పాతదిగా కొన్న వెలుతురు బాగా పట్టే 35 మి.మీ., ఎఫ్/1.8 లెన్స్‌ను ఏడేళ్ళుగా దాదాపు ప్రతి ఆదివారం వాడుతున్నాను. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్ళనూ కాలినడకన తిరుగుతూ పాత కట్టడాలను ఫొటో తీయడమే నా వ్యాపకం కనుక, ఈ సమీక్ష కూడా ఆ పనికి ఈ లెన్స్ ఎంతవరకు అక్కరకొచ్చిందన్న దాని గురించే. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ (బొమ్మను పట్టే పలక) ఉన్న నా కెమెరాలో ఇది ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కన సుమారు 52 మి.మీ. లెన్స్‌తో సమానం. జూమ్ లేదు. బరువు రెండు వందల గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పొద్దున ఆరింటికి మెడలో వేసుకుని బయలుదేరితే పదింటికి ఇల్లు చేరేదాకా దాని భారం తెలియదు.

మొదటి ఆరు నెలలూ ఈ లెన్స్‌తో నాకు పొసగలేదని చెప్పాలి. ఖిలా వరంగల్‌లో కీర్తితోరణం ముందు నిలబడి కెమెరా ఎత్తితే స్తంభం సగమే కనిపించేది. కెమెరాను పైకి వంచితే తోరణం మొత్తం వచ్చేది కానీ, రెండు స్తంభాలూ పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి ఒరిగిపోయినట్టు కనిపించేవి. సెన్సర్ కట్టడానికి సమాంతరంగా ఉన్నంతసేపే నిలువు గీతలు నిలువుగా ఉంటాయనీ, వంచిన మరుక్షణం అవి దగ్గరవుతాయనీ పుస్తకాల్లో చదివిందే అయినా, అది నాకు తలకెక్కింది మాత్రం అక్కడే. దానికి మందు ఒక్కటే: కెమెరాను నిటారుగా, మట్టసంగా పట్టుకుని వెనక్కి నడవడం. నా నడకలో సుమారు నలభై అంగలు వెనక్కి వెళ్తే తోరణం పైకొన ఫ్రేములోకి వస్తుంది. అయితే అప్పుడు ఫ్రేములో కింది సగమంతా నేలే ఉంటుంది. మొదట్లో దాన్ని వృథా అనుకుని ఇంటికి వచ్చాక కత్తిరించేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ నేలలో ఏముందో చూడడం మొదలుపెట్టాను. అక్కడ ఉన్నది స్వయంభూ శివాలయపు శిథిలం: విరిగిన స్తంభాలు, బోర్లాపడిన పైకప్పు పలకలు, సగం చెక్కడం మిగిలిన హంసల వరుసలు. 1323లో కాకతీయ రాజ్యం ఢిల్లీ సేనలకు లోబడిన తర్వాత గుడి కూలిపోయి, దాని నాలుగు దిక్కులా ఉన్న తోరణాలు నిలిచాయి. తోరణాన్ని ఒక్కదాన్నే తీసిన ఫొటో రాష్ట్ర చిహ్నంలోని బొమ్మలా ఉంటుంది. నలభై అంగల దూరం నుంచి, ఆ రాళ్ళతో కలిపి తీసిన ఫొటోలో అది ఏ గుడికి ద్వారమో తెలుస్తుంది. ఆ నలభై అంగలు నన్ను నడిపించింది ఈ లెన్సే.

తోరణాలకు కూతవేటు దూరంలో ఉన్న ఖుష్ మహల్ ఈ లెన్స్‌కు అసలైన పరీక్ష. 16వ శతాబ్దం తొలినాళ్ళలో వరంగల్‌ను ఏలిన షితాబ్ ఖాన్‌కు ఈ కట్టడాన్ని ఆపాదిస్తారు. దాని గోడలు నిజంగానే లోపలివైపుకు వాలి ఉంటాయి, అడుగున మందంగా మొదలై పైకి సన్నబడతాయి. కెమెరాను ఏమాత్రం పైకి ఎత్తినా ఆ వాలుకు లెన్స్ వాలు తోడై, చూసేవారికి ఏది కట్టినవాడి పనో, ఏది ఫొటో తీసినవాడి పొరపాటో తేల్చుకోవడం అసాధ్యమవుతుంది. మొబైల్ ఫోన్‌లోని అల్ట్రావైడ్ లెన్స్‌తో తీసిన ఖుష్ మహల్ ఫొటోలు ఎన్నో చూశాను; వాటిలో ఆ భవనం తలకిందులుగా పెట్టిన గంపలా ఉంటుంది. కట్టడాన్ని గౌరవించే ఫొటో దాని కొలతలను గౌరవించాలని నేను గట్టిగా నమ్ముతాను. కెమెరాలోని లెవెల్ గీతను చూసుకుంటూ, దూరం జరిగి తీసిన ఫొటోలో ఆ వాలు ఉన్నంతే ఉంటుంది, అదే చాలు. లోపలి ఎత్తైన ఆర్చీల విషయంలో మాత్రం ఈ లెన్స్ చేతులెత్తేస్తుంది: వెనక్కి జరగడానికి గోడ అడ్డం.

వేయిస్తంభాల గుడిలో దీని బలం వేరు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ త్రికూటాలయంలో (మూడు గర్భగుళ్ళ ఆలయంలో), గుడికీ కల్యాణ మండపానికీ నడుమ ఉన్న నల్లరాతి నందిని నేను ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. మొదటి ఏడాది తీసిన ప్రతి ఫొటోలోనూ నంది బూడిదరంగులో వచ్చింది. కెమెరా మీటరు ప్రతిదాన్నీ మధ్యస్థమైన బూడిదరంగుగా లెక్కగట్టి వెలుతురు పెంచుతుంది కాబట్టి, నల్లటి వస్తువు పాలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు (అంటే వెలుతురు సగానికి), ఎండ నేరుగా లేనప్పుడు ఇంకాస్త తగ్గిస్తే గానీ రాయి రాయిలా నల్లగా రాదు. ఆ నునుపు చేసిన వెన్ను మీద ఆకాశం ప్రతిబింబిస్తుంది. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతుంటే ఒకచోట ఆ తెల్లటి మెరుపు తొలగిపోయి మెడలోని గంటల పేరు గంటకు గంట విడివిడిగా తేలుతుంది. మెరుపు మొత్తం తీసేస్తే రాయి ప్రాణం పోయినట్టుంటుందని తెలిశాక, ఇప్పుడు ఫిల్టర్‌ను సగం దూరమే తిప్పి ఆపుతున్నాను. ముప్పై సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళినా ఫోకస్ అందుతుంది కనుక ద్వారబంధాల మీది జాలీ పని, స్తంభాల నడుము మీది పూసల వరుసలు చక్కగా వస్తాయి. ఏఎస్ఐ (భారత పురావస్తు శాఖ) కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి, ఎఫ్/1.8 ఉన్నందున మసక వెలుతురులో కూడా చేతిపట్టుతోనే పని జరుగుతుంది. నేను కెమెరా కొన్న నాటికి మరమ్మతు కోసం రాళ్ళు విప్పి ఉన్న కల్యాణ మండపం 2024 మహాశివరాత్రి నాడు మళ్ళీ తెరుచుకుంది. ఆ రాళ్ళు నేలమీద ఉన్నప్పటి ఫొటోలూ, నిలబడ్డాక తీసినవీ ఒకే లెన్స్‌తో ఉండడం నాకు ఎంతో విలువైన సంగతి.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళలోనూ ఈ వెలుతురు పట్టే గుణమే ఆదుకుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది; నేసే గదులు మాత్రం ఇరుకుగా, ఒక్క కిటికీ వెలుతురులోనే ఉంటాయి. మగ్గం మొత్తం ఈ లెన్స్‌లో పట్టదు. పోగు మీద చేయి, పాదం కింద తొక్కుడు చెక్క, ఇంతవరకే వస్తుంది. అడిగి తీయాలి, తీసిన ఫొటోను అచ్చు వేయించి తిరిగి తీసుకెళ్ళి ఇవ్వాలి.

కోట బయటి మట్టిగోడ అయిన మట్టికోట వెంబడి నడుస్తున్నప్పుడు ఒకరోజు గేదెలు కట్టేసుకుంటున్న ఒక పెద్దామె అడిగింది, "ఏం తీస్తున్నవ్ బిడ్డా, దినాం ఇటే వస్తున్నవ్?" అని. కోట గోడ తీస్తున్నానమ్మా అన్నాను. "మీకు కోట గని, మాకు ఇది ఇంటెనక కట్టనే" అంది. ఆ తర్వాత నుంచి ఆ కట్ట మీద ఆరేసిన మిరపకాయలను, కట్టేసిన గేదెలను ఫ్రేములోంచి తప్పించే ప్రయత్నం మానేశాను. దానికి లోపల ఉన్న రాతికోట ద్వారాలు నేరుగా లోపలికి పోనివ్వకుండా వంకర తిప్పి కట్టినవి. శత్రువు వేగాన్ని తగ్గించేందుకు వేసిన ఆ మలుపుల్లోంచి ఈనాడు ఆటోలూ బడిపిల్లల సైకిళ్ళూ నెమ్మదించి వెళ్తాయి. ఒక మూల నిలబడి ఎదురుచూస్తే 52 మి.మీ. చూపులో ద్వారమూ మనిషీ సరైన పాళ్ళలో కలుస్తారు.

ఇక లోపాలు. రామప్ప గుడిలో ఈ లెన్స్ నన్ను నిరాశపరిచింది. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రెండుసార్లు వెళ్ళాను. అధిష్ఠానం (గుడి పీఠం) మీది ఏనుగుల వరుసను తృప్తిగా తీయగలిగాను గానీ, చూరు కింది మదనికల (స్త్రీ శిల్పాల) ముఖాలు అందనే లేదు, వాటికి దూరంలోని వాటిని దగ్గరగా చూపే, కనీసం 85 మి.మీ. లెన్స్ కావాలి. రెండో లోపం ఫంగస్. 2021 వానల్లో సంచిలోనే వారం రోజులు ఉంచిన లెన్స్ లోపలి గాజు మీద సాలెగూడు లాంటి పోగులు మొలిచాయి. ఒక మరమ్మతు కేంద్రంలో ఇస్తే ఏడు వారాలు ఉంచుకుని, ఫంగస్ తీసి, దాని బదులు ధూళి చేర్చి ఇచ్చారు. మళ్ళీ విప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను, గులాబీ రంగుకు మారగానే పెనం మీద సన్నని సెగకు ఆరబెట్టుకుంటే మళ్ళీ నీలమవుతాయి. మూడోది, ఎదురెండలో తోరణం వెనక సూర్యుడు ఉంటే ఫొటో మొత్తం పాలిపోతుంది, లెన్స్ ముందు ఎండకు అడ్డుగా తగిలించే హుడ్ తప్పనిసరి.

ఒక్క రోజులో కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు చూసి రైలెక్కే యాత్రికులకు నేను ఈ లెన్స్ సూచించను, వారికి 18-55 జూమే నయం. ఈ ఊళ్ళోనే ఉండి, వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళగలిగినవారు తప్పక తీసుకోవచ్చు. నా లెన్స్ ఫోకస్ రింగు రబ్బరు వదులైంది, ముందువైపు మరలు ఒకచోట నొక్కుకుపోయి ఫిల్టర్ కొంచెం బలవంతంగా పడుతుంది. అయినా మార్చే ఆలోచన లేదు. మట్టికోట చుట్టూ పూర్తిగా ఒక వరుస ఫొటోలు తీయడం మొదలుపెట్టాను, తూర్పు వైపు ఇంకా మిగిలి ఉంది. గడ్డి ఎండి కట్ట రూపు బయటపడే మాఘమాసంలో అటు వెళ్తాను.