కిత్నే కా హై? కైసే దియా? లేక ఫోన్‌లో నంబర్ చూపించమనడమా? హిందీ బజారులో ధర అడగడానికి ఏది మేలు?

గంగా కావేరి ఎక్కి కాశీ పోయేవాళ్ళు, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు, ఇంట్లోనే చీరల వ్యాపారం పెట్టుకుని సరుకు కోసం నవజీవన్‌లో సూరత్ దాకా వెళ్ళొచ్చేవాళ్ళు మా బెజవాడలో వీధికొకరు ఉంటారు. బయల్దేరే ముందు అందరిదీ ఒకటే టెన్షన్, హిందీ సరిగ్గా రాదు కదా, బేరంలో ముంచేస్తారేమో అని. నన్నడిగితే ఆ భయంలో సగం అనవసరం, మిగతా సగం మాత్రం అవసరమే. అయితే చాలామంది భయపడాల్సిన చోట భయపడరు. ధర ఎలా అడగాలి అన్నదాని మీదే దృష్టంతా పెడతారు కానీ, అవతలివాడు చెప్పిన అంకె చెవిలో పడ్డాక అది ఎంతో తెలియాలి కదా, దాని సంగతి ఎవరూ పట్టించుకోరు.

మన స్కూళ్ళలో ఆరో తరగతి నుంచి పది దాకా హిందీ ఉంటుంది, పదో తరగతిలో 20 మార్కులొస్తే పాస్, కాబట్టి ఏదో గట్టెక్కి బయటపడతాం. కొంతమంది హిందీ ప్రచార సభ పరీక్షలు, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష వరుసగా రాసిన వాళ్ళూ ఉంటారు. వాళ్ళకి భాష వచ్చు, అందులో సందేహం లేదు. కానీ పుస్తకంలో నేర్చుకున్న 'ఇస్‌కా మూల్య క్యా హై', అంటే దీని వెల ఎంత, అని కూరగాయల బండి దగ్గర అడిగితే ఆ మనిషి ఓ క్షణం ఆగి చూస్తాడు. బజారులో ఎవరూ అలా అడగరు. అడిగేవి వేరే ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చోటు ఉంది.

మొదటిది, అందరికీ తెలిసిందే, 'యే కిత్నే కా హై', ఇది ఎంత అని. వస్తువు చూపించి అడిగితే చాలు. వ్యాకరణం ప్రకారం చీరైతే 'కిత్నే కీ', అరటిపళ్ళు డజనైతే 'కిత్నే కే' అనాలి. కానీ నా మాట వినండి, ఆ కా, కీ, కే గురించి దుకాణం ముందు నిలబడి ఆలోచించకండి. చీర మీద చెయ్యి పెట్టి 'కిత్నే కా' అన్నా చీర ధరే చెబుతాడు, తప్పుగా అడిగారని వంద ఎక్కువేమీ వెయ్యడు. గాజులు, బొమ్మలు, ఇత్తడి సామాను, చెప్పులు, సంచులు, విడిగా ఒక్కో వస్తువుగా అమ్మేది ఏదైనా సరే, దీన్ని మించింది లేదు.

రెండోది మనవాళ్ళకి అంతగా అలవాటు లేనిది. తూకం వేసి అమ్మే వాటికి అక్కడి గృహిణులు 'కిత్నే కా' అని అడగడం తక్కువ, 'టమాటర్ కైసే దియే భయ్యా' అంటారు, లేదా 'క్యా భావ్ హై' అంటారు. మన గుంటూరు యార్డులో మిర్చి ఇవాళ ఏం పలుకుతోంది అన్నట్టు, ఆ పూట నడుస్తున్న రేటు ఎంత అని అడగడం అన్నమాట. ఢిల్లీలో కూతురి దగ్గర నెలా రెండు నెలలు ఉండి రోజూ సందు చివర బండి దగ్గర కూరలు కొనేవాళ్ళకైతే ఇదే మేలని గట్టిగా చెబుతాను. అలా అడిగితే రోజూ కొనే మనిషే అనుకుని రోజూ చెప్పే రేటే చెప్పే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుంచుకోవాలి. చాలా బళ్ళ దగ్గర రేటు కిలోకి చెప్పరు, పావుకిలోకి చెబుతారు. 'పంద్రహ్ రుపయే పావ్' అన్నాడంటే పావుకిలో పదిహేను, అంటే కిలో 60. మనకి ఆ 'పంద్రహ్' ఒక్కటే వినపడి, కిలో పదిహేనే కదా అని రెండు కిలోలు తూయించి, తీరా డబ్బులిచ్చేటప్పుడు 120 అంటే గొడవ. వాడు మోసం చెయ్యలేదు, మొదట్లోనే చెప్పాడు. అందుకే ధర వినగానే 'కిలో యా పావ్' అని ఒక్క మాట తిరిగి అడగండి.

మూడోది 'కిత్నే మే దోగే', ఎంతకిస్తావు అని. ఇది ధర అడగడం కాదు, బేరం మొదలుపెట్టడం. ఊరికే తెలుసుకుందామని ఈ మాట వాడకూడదు. 'కిత్నే మే దోగే' అని అడిగి, వాళ్ళు తగ్గించి చెప్పి, మనం చెప్పిన ధరకి కూడా ఒప్పుకున్నాక అప్పుడు వద్దని నడిచిపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే అయితే మరీను. వాళ్ళకీ మనలాగే బోణీ పట్టింపు ఉంది, బోహనీ అంటారు. మన బీసెంట్ రోడ్డులో తొలి బేరం చెడితే ఎంత చిరాకు పడతారో అక్కడా అంతే. కొనే ఉద్దేశం ఉంటే మాత్రం ఆ బోణీ వేళే మంచి సమయం, కాస్త తక్కువకైనా ఇచ్చేస్తారు. ఇంకోటి, పెద్దవాళ్ళతో 'దోగే' అనకుండా 'దేంగే' అనండి, తగ్గించమనడానికి 'కమ్ కరో' బదులు 'థోడా కమ్ కీజియే' అనండి. ఖర్చేమీ లేదు, మర్యాద ఉంటుంది. కొట్టు యజమాని వయసు చూసి భయ్యా, భాయీ సాహబ్, ఆడవాళ్ళైతే దీదీ. హైదరాబాద్‌లో కొన్నాళ్ళున్న కుర్రాళ్ళు స్నేహితుల దగ్గర పట్టుకున్న 'క్యా రే', 'నక్కో' భాషతో కాశీలో పెద్దాయన్ని పలకరించడం నేను చూశాను, అది వినడానికే ఇబ్బందిగా ఉంటుంది.

నాలుగోది, హిందీ జోలికే పోకుండా 'హౌ మచ్' అని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చేతిలో పెట్టడం. దీన్ని చాలామంది చిన్నతనంగా అనుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు. పరాయి ఊరివాళ్ళమని తెలిసిపోతుందట. మన కట్టూ బొట్టూ, తల్లో పూలు, పక్కవాళ్ళతో మాట్లాడే తెలుగు చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది కదండీ, ఇక దాచేదేముంది. అంకె కళ్ళకి కనపడుతుంది, అంతకంటే పెద్ద రక్షణ లేదు. లోపం ఎక్కడంటే, అంకె తప్ప మాట నడవదు. 'రెండు తీసుకుంటే ఎంత', 'దీనికంటే మంచి రకం ఉందా', 'ఇది కడిగితే రంగు పోతుందా' అని అడగలేం, అడగకపోతే బేరం సగంలో ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పై నాలుగింటిలో మొదటి మూడూ నేర్చుకోవడం ఒక పూట పని. జవాబు అర్థం చేసుకోవడం దగ్గరే మనవాళ్ళు చిక్కుకుంటారు. తెలుగులో ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని తేలిగ్గా కూడుకుంటూ పోతాం. హిందీలో వంద దాకా దాదాపు ప్రతి అంకెకీ విడిగా ఓ పేరు. పచాస్ అంటే 50, పచాసీ అంటే 85, మధ్యలో తేడా ఒక్క దీర్ఘం, 35 రూపాయలు. సాత్ అంటే ఏడు, సాఠ్ అంటే 60, సత్తర్ 70, సత్రహ్ 17. బజారు రొదలో ఇవన్నీ ఒకలాగే వినపడతాయి. అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, పది నుంచి వంద దాకా పదులు వరుసగా దస్, బీస్, తీస్, చాలీస్, పచాస్, సాఠ్, సత్తర్, అస్సీ, నబ్బే, సౌ, ఈ పది వస్తే బజారులో చాలావరకు నడిచిపోతుంది, ఎందుకంటే విడి వస్తువుల ధరలు ఎక్కువగా పదుల్లోనే చెబుతారు. ఇంకా ఓపికుంటే పచ్చీస్ (25), పచహత్తర్ (75) కూడా.

అవి కూడా వచ్చేశాయనుకోండి, ఇంకో మెట్టు ఉంది, అదే అసలైన మెట్టు. నూటయాభైని వాళ్ళు 'ఏక్ సౌ పచాస్' అని చెప్పడం తక్కువ, 'డేఢ్ సౌ' అంటారు. రెండొందల యాభై 'ఢాయీ సౌ'. మూడొందల యాభై 'సాఢే తీన్ సౌ'. నూటపాతిక 'సవా సౌ'. నూటడెబ్బయ్యయిదు 'పౌనే దో సౌ'. పౌనే అంటే మనం టైమ్ చెప్పేటప్పుడు పావు తక్కువ పది అంటామే, అలాగే పావు తక్కువ రెండు వందలు అని. పౌనే తీన్ సౌ 275. వేలకీ ఇదే లెక్క, డేఢ్ హజార్ 1500, ఢాయీ హజార్ 2500.

మా పిన్ని కాశీలో ఠఠేరీ బజారులో, అక్కడంతా ఇత్తడి రాగి సామానే, ఒక చిన్న కలశం చూసి ధర అడిగింది. హిందీ ఆవిడకి బాగానే వచ్చు, అడిగిన తీరు కూడా చక్కగా ఉంది. ఆయన కలశాన్ని గుడ్డతో తుడుస్తూ, తల కూడా ఎత్తకుండా 'పౌనే దో సౌ' అన్నాడు. పిన్నికి ఆ మొదటి మాట పట్టుబడలేదు, 'దో సౌ' మాత్రమే వినపడింది. 'నూటయాభైకిస్తాడేమో అడగనా' అని నన్ను తెలుగులో అడిగి, మళ్ళీ తనే, పుణ్యక్షేత్రంలో బేరమెందుకులే అనుకుని రెండు వంద నోట్లు అందించింది. ఆయన డ్రాయర్ లాగి ఒక ఇరవై, ఒక అయిదు తీసి కలశంలోనే వేసి ఇచ్చాడు. అది మంచి మనిషి కొట్టు కాబట్టి సరిపోయింది. అదే 'సాఢే తీన్ సౌ'లో సాఢే వినపడకపోతే కథ ఎదురు తిరుగుతుంది. మూడొందలకి బేరం కుదిరిందని మనం, మూడొందల యాభై అని వాళ్ళు, సామాను మూట కట్టాక ఆ యాభై దగ్గర పేచీ, ఇద్దరూ నిజాయతీపరులే.

అందుకే నా ఓటు కలిపి వాడటానికే. అడగడం హిందీలో, అంకె ఖరారు చేసుకోవడం ఫోన్ మీద. 'కిత్నే కా హై భయ్యా' అని అడగండి, జవాబు వంద దాటినట్టు అనిపిస్తే క్యాలిక్యులేటర్ అందించి 'ఇస్‌మే లిఖ్ దీజియే', ఇందులో రాయండి, అనండి. అంకె చూశాక మళ్ళీ మాటలోకి రండి, 'థోడా కమ్ కీజియే', 'దో లేంగే తో కిత్నా' (రెండు తీసుకుంటే ఎంత) అంటూ. పూర్తిగా హిందీ మీద ఆధారపడటం కంటే, పూర్తిగా ఫోన్ మీద ఆధారపడటం కంటే ఇదే మేలు. హిందీ బాగా వచ్చనుకునే వాళ్ళకి ఇది మరీ అవసరం, రానివాళ్ళు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు.

కొన్ని చోట్ల ఈ గొడవే అక్కర్లేదు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉన్నవాటికి బేరమూ లేదు భాషా లేదు, పన్నులతో కలిపి అదే గరిష్ఠం, అంతకుమించి తీసుకోకూడదు. ఢిల్లీ జన్‌పథ్‌లో ప్రభుత్వ కాటేజ్ ఎంపోరియం లాంటి చోట్ల ధర చీటీ అంటించి ఉంటుంది. ఖరీదైన బనారస్ పట్టు చీరకైతే నా సలహా వేరే, సందుల్లో బేరమాడి గెలవాలని చూడకండి. వేలల్లో పెట్టేటప్పుడు ధర కంటే ముందు అది పట్టేనా కాదా అన్నది తేలాలి, సిల్క్ మార్క్ లేబుల్ ఉన్న చీర చూపించమని అడగండి, లేదా చీరలు తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఇక కాశీలోనే మానసరోవర్ ఘాట్, ఆంధ్రాశ్రమం చుట్టుపక్కల సందుల్లో అయితే నేరుగా 'ఎంతండీ' అనే అడగండి. తరతరాలుగా మనవాళ్ళు వెళ్తున్న చోటు, పడవ నడిపేవాళ్ళ నుంచి పూలమ్మేవాళ్ళ దాకా చాలామంది తెలుగులోనే జవాబు చెబుతారు.

మన ఊళ్ళోనూ ఇదే తేడా చూడాలి. వన్‌టౌన్‌లో ఎన్నో ఏళ్ళుగా స్థిరపడిన మార్వాడీ కొట్ల దగ్గర కొంతమంది పనిగట్టుకుని హిందీ మొదలుపెడతారు, హిందీలో అడిగితే తగ్గిస్తారని. నాకు ఒక్కసారీ అలా తగ్గినట్టు కనపడలేదు. వాళ్ళ తెలుగు మన తెలుగంత బాగుంటుంది, తెలుగులోనే హాయిగా బేరమాడుకోండి. వినాయక చవితికి ముందు హైవే పక్కన పాకలు వేసుకుని విగ్రహాలు చేసే రాజస్థాన్ కుటుంబాల దగ్గర మాత్రం హిందీ పనికొస్తుంది. కుర్రాళ్ళు గుంపుగా వెళ్ళి తెలుగులో అరిచి 'వేలల్లో చెబుతున్నాడ్రా' అని వెనక్కి వచ్చేకంటే, ఒక్కరు నిదానంగా 'భాయీ సాహబ్, యే కిత్నే మే దేంగే' అంటే ఆయన కూర్చోబెట్టి రంగు వేసినదానికి ఎంతో, వెయ్యనిదానికి ఎంతో విడివిడిగా చెబుతాడు.

చివర్లో డబ్బు కట్టేటప్పుడు అడగాల్సింది 'కిత్నా హువా', మొత్తం ఎంతైంది అని. 'కిత్నే కా హై' అక్కడ పనికిరాదు, ఆ మాటకి మళ్ళీ ఒక్క వస్తువు ధరే చెబుతాడు. ఫోన్‌పే చేసేటప్పుడు అంకె కొట్టి, పంపే ముందు స్క్రీన్ ఆయనకి చూపించి 'ఠీక్ హై' అనిపించుకోండి. డేఢ్, ఢాయీ ఏదైనా పొరపాటు వినికిడి ఉంటే ఆ ఒక్క చూపులో బయటపడుతుంది, పంపాక వెనక్కి తీసుకోవాలంటే మాత్రం ఆ మాత్రం హిందీ సరిపోదు.