తెరిచి ఉన్న అప్లికేషన్‌ని స్క్రిప్ట్‌తో నడపాలంటే ఏది మేలు?

అప్లికేషన్‌ని తనే తెరిచి, పని ముగించి, తనే మూసేసే స్క్రిప్ట్ రాయడం పెద్ద కష్టం కాదు. ఎవరో పొద్దున్నే లాగిన్ అయి, నాలుగు ఫైళ్లు తెరిచిపెట్టుకుని, ఒక సెల్‌లో సగం టైప్ చేసి టీకి లేచారనుకోండి. ఆ కంప్యూటర్ మీద, ఆ తెరిచి ఉన్న విండోలోనే మన స్క్రిప్ట్ పని చేయాలంటే మాత్రం తలనొప్పి మొదలవుతుంది. సరైన విండోనే దొరికిందా? వాళ్ల పని చెడకుండా మన పని అయిందా? విండోస్‌లో దీనికి ఎక్కువమంది వాడేవి నాలుగు: కామ్ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌కి నేరుగా ఆదేశాలిచ్చే ఏర్పాటు), యూఐ ఆటోమేషన్ (తెరమీది బటన్లు, పెట్టెల్ని స్క్రిప్ట్‌కి చూపించేది), ఆటోహాట్‌కీ (ఒక కీ నొక్కితే స్క్రిప్ట్ నడిపించే టూల్), పైఆటోజీయూఐ (తెరమీది బొమ్మను వెతికి మౌస్, కీబోర్డ్ నడిపే పైథాన్ లైబ్రరీ). నేను వీటిని ఈ రెండు ప్రశ్నలతోనే తూచి చూస్తాను.

ఎక్సెల్, వర్డ్ అయితే కామ్

ఇక్కడ నాకు సందేహమే లేదు. కామ్ ద్వారా వెళ్తే బటన్లు, మెనూలతో పనే ఉండదు. షీట్, రేంజ్, సెల్ అంటూ నేరుగా ఎక్సెల్‌తోనే మాట్లాడతాం. విండో మినిమైజ్ అయి ఉన్నా పని జరుగుతుంది.

పైథాన్‌లో కామ్ వాడుకోవడానికి పైవిన్32 అనే లైబ్రరీ వేసుకున్నవాళ్లు ఎక్కువగా తికమకపడేది మూడు పిలుపుల దగ్గర. గెట్‌యాక్టివ్‌ఆబ్జెక్ట్ అంటే, నడుస్తున్న ఎక్సెల్ ఉంటే ఇస్తుంది, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. డిస్పాచ్ అంటే, ఉంటే దాన్నే పట్టుకుంటుంది, లేకపోతే కొత్తది తెరుస్తుంది. డిస్పాచ్‌ఈఎక్స్ ఎప్పుడూ కొత్తదే తెరుస్తుంది. మన అవసరానికి మొదటిదే సరైనది. ఎర్రర్ వస్తే కనీసం విషయం తెలుస్తుంది. డిస్పాచ్ అయితే కనిపించని ఎక్సెల్ ఒకటి తెరిచి, అందులో ఫైల్ వెతుక్కుంటూ, చివరికి టాస్క్ మేనేజర్‌లో అలా మిగిలిపోగలదు.

సరైన విండో సంగతికొద్దాం. నడుస్తున్న ఆబ్జెక్టుల చిట్టా ఒకటి విండోస్ దగ్గర ఉంటుంది, దాన్ని రన్నింగ్ ఆబ్జెక్ట్ టేబుల్ అంటారు. విడివిడి ప్రాసెస్‌లుగా రెండు ఎక్సెల్‌లు నడుస్తుంటే మనకు కావలసినదే అందులోంచి వస్తుందన్న భరోసా లేదు. అలాంటప్పుడు గెట్‌ఆబ్జెక్ట్‌కి ఫైల్ పూర్తి పాత్ ఇస్తే ఆ ఫైల్ ఏ ఎక్సెల్‌లో తెరిచి ఉందో అదే దొరుకుతుంది. ఎక్సెల్‌వింగ్స్ అనే పైథాన్ లైబ్రరీ వాడితే ప్రాసెస్ నంబర్‌ని బట్టి కూడా ఎంచుకోవచ్చు. ఇంకో చిత్రం ఉంది. ఆఫీస్ అప్లికేషన్లు తెరవగానే ఆ చిట్టాలో పేరు నమోదు చేసుకోవు, ఫోకస్ ఒకసారి వేరే విండోకి మారాక చేసుకుంటాయి. అందుకే కళ్లముందు ఎక్సెల్ కనిపిస్తున్నా స్క్రిప్ట్ మాత్రం లేదంటుంది.

ఇక అవతలివాళ్ల పని చెడటం. సెల్‌లో కర్సర్ ఉండి ఎడిట్ మోడ్‌లో ఉంటే ఎక్సెల్ బయటి పిలుపుల్ని తీసుకోదు, ‘కాల్ వాజ్ రిజెక్టెడ్ బై కాలీ’ అని తిప్పి పంపుతుంది. ఇది బగ్ కాదు, మర్యాద అనుకోండి. రెండు సెకన్లు ఆగి మళ్లీ అడగాలి, కొన్నిసార్లు అడిగినా కుదరకపోతే ఊరుకోవాలి. అలర్ట్‌లు, ఆటోమేటిక్ కాల్క్యులేషన్ ఆపితే, స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయినా అవి మళ్లీ మామూలుగా అయ్యేలా ఫైనల్లీ బ్లాక్‌లో రాయాలి. నెట్‌లో దొరికే ఉదాహరణల్లో చివర ఉండే క్విట్ లైన్‌ని కాపీ చేసుకోకండి. మనం తెరవని ఎక్సెల్‌ని మూసే హక్కు మనకు లేదు. పైగా అలర్ట్‌లు ఆపి ఉంటే సేవ్ చేయనివన్నీ అడగకుండానే పోతాయి.

ఔట్‌లుక్ విషయంలో ఒక జాగ్రత్త. పాత క్లాసిక్ ఔట్‌లుక్‌కి కామ్ ఉంది, కొత్త ఔట్‌లుక్‌కి లేదు. ఆఫీసులో కొత్తదానికి మారుస్తున్నారని వింటే స్క్రిప్ట్‌కి వేరే దారి చూసుకోవాల్సిందే.

కామ్ లేకపోతే?

వెంటనే బటన్ల మీద పడకుండా, ఆ అప్లికేషన్ తనంతట తాను వేరే తలుపేమైనా తెరిచి పెట్టిందా అని చూడండి. మన దగ్గర అకౌంట్స్ ఆఫీసుల్లో కనిపించే ట్యాలీనే తీసుకోండి. సెట్టింగ్స్‌లో దాన్ని సర్వర్‌గా పెడితే మామూలుగా 9000 పోర్ట్ మీద ఎక్స్‌ఎంఎల్ రూపంలో అడిగినవి ఇస్తుంది, పంపిన వోచర్లు తీసుకుంటుంది. ఇది తెలియక మౌస్ క్లిక్‌లతో వోచర్లు ఎక్కించే స్క్రిప్ట్‌లు రాసేవాళ్లున్నారు.

అలాంటి తలుపూ లేకపోతే యూఐ ఆటోమేషన్. కంటిచూపు లేనివాళ్లకు తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఆధారపడే వ్యవస్థ ఇదే. పైథాన్‌లో దీన్ని వాడే పైవిన్ఆటో లైబ్రరీ, కనెక్ట్ అనే పిలుపుతో నడుస్తున్న ప్రాసెస్‌కి అతుక్కుంటుంది. విండో టైటిల్‌తో వెతకడం సులువే కానీ, ఫైల్ మారితే టైటిల్ మారుతుంది, సేవ్ చేయకపోతే పక్కన నక్షత్రం గుర్తు చేరొచ్చు. ప్రాసెస్ నంబర్‌తోనో, ఈఎక్స్‌ఈ పాత్‌తోనో పట్టుకోవడం గట్టి పద్ధతి. బటన్‌ని కూడా పేరుతో కాకుండా, ఉంటే ఆటోమేషన్ ఐడీతో వెతకండి. అప్లికేషన్ భాషని ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారిస్తే పేర్లు మారతాయి, ఐడీలు సాధారణంగా మారవు. విండోస్ ఎస్‌డీకేతో (ప్రోగ్రామర్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే టూల్స్ కట్ట) వచ్చే ఇన్‌స్పెక్ట్ అనే టూల్‌లో ఇవన్నీ కనిపిస్తాయి.

బటన్ నొక్కేటప్పుడు ఇన్వోక్ వాడితే మౌస్ కదలదు, ఆ మనిషి వేరే విండోలో తన పని చేసుకోవచ్చు. క్లిక్‌ఇన్‌పుట్ వాడితే నిజం మౌసే కదులుతుంది. ఈ తేడా తెలియక యూఐ ఆటోమేషన్ వాడుతూ కూడా జనం చేతిలోంచి మౌస్ లాక్కుంటుంటారు. దీనికీ లోపాలున్నాయి. పెద్ద టేబుళ్ల దగ్గర నత్తనడక. తెరంతా సొంతంగా గీసుకునే అప్లికేషన్లలో లోపలి బటన్లేవీ కనిపించవు, మొత్తం ఒకే ముక్కలా ఉంటుంది. జావా స్వింగ్‌తో కట్టిన అప్లికేషన్లయితే జావా యాక్సెస్ బ్రిడ్జ్ ఆన్ చేసి, దాన్ని చదవగల టూల్ వాడాలి.

మిగతా రెండూ

ఆటోహాట్‌కీని చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను చూడను. మనిషి కుర్చీలోనే ఉండి, తనకు కావలసిన విండో ముందుకు తెచ్చుకుని, తనే హాట్‌కీ నొక్కుతాడు కాబట్టి మన రెండు ప్రశ్నలూ దాదాపు అక్కడే తీరిపోతాయి. పాత తరహా విండోస్ అప్లికేషన్లలో కంట్రోల్‌సెట్‌టెక్స్ట్ ఫోకస్ మార్చకుండానే పెట్టెలో అక్షరాలు నింపుతుంది. కామ్‌ఆబ్జ్‌యాక్టివ్ ద్వారా నడుస్తున్న ఎక్సెల్‌ని కూడా పట్టుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2022 డిసెంబర్‌లో వచ్చిన రెండో వెర్షన్‌లోనే రాయండి. మొదటి వెర్షన్ స్క్రిప్ట్‌లు అందులో చాలావరకు అలాగే నడవవు.

పైఆటోజీయూఐ ఆఖరి దారి. డిస్‌ప్లే స్కేలింగ్ 100 నుంచి 125 శాతానికి మారితే అది వెతికే బటన్ బొమ్మ దొరకదు, స్క్రీన్ లాక్ అయితే అసలేమీ దొరకదు, మధ్యలో ఒక పాపప్ వస్తే క్లిక్ దాని మీద పడుతుంది. రైట్ అనే ఫంక్షన్ తెలుగు అక్షరాలు టైప్ చేయలేదు, క్లిప్‌బోర్డ్‌లో పెట్టి పేస్ట్ చేయాలి. అప్పుడు అవతలివాళ్లు కాపీ చేసుకున్నది పోతుంది. మౌస్‌ని తెర మూలకి తోస్తే స్క్రిప్ట్ ఆగిపోయే ఏర్పాటు ఉంది, దాన్ని ఆఫ్ చేయకండి.

నాకైతే కలిపి వాడటమే నచ్చుతుంది. ఎక్సెల్ నుంచి వరుసలు కామ్‌తో చదవడం, అవతలి అప్లికేషన్‌లో యూఐ ఆటోమేషన్‌తో నింపడం, మొదలుపెట్టడానికి ఆటోహాట్‌కీతో ఒక కీ.

ట్యాలీలో చూసిన పోర్ట్ దారి తప్ప మిగతావన్నీ దెబ్బతినే చోటు ఒకటుంది. అప్లికేషన్ అడ్మినిస్ట్రేటర్‌గా, స్క్రిప్ట్ మామూలు యూజర్‌గా నడుస్తుంటే చిట్టాలో పేరు దొరకదు, క్లిక్‌లు చేరవు. రెండూ ఒకే స్థాయిలో నడవాలి. టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టేవాళ్లు ‘యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడే’ అన్నదాన్ని ఎంచుకోవాలి. లాగిన్ అయినా కాకపోయినా నడిపే రెండోదాన్ని ఎంచుకుంటే స్క్రిప్ట్ వేరే సెషన్‌లో లేస్తుంది, అక్కడినుంచి ఆ మనిషి విండోలేవీ కనిపించవు.