బ్రాడీపేటలో మాట సాగనిచ్చే టీ దుకాణం

గుంటూరు బ్రాడీపేటలోని ఈ చిన్న దుకాణంలో అల్లం టీ చిక్కగా, ఘాటుగా ఉంటుంది. సమోసాలు మాత్రం సాయంత్రానికి మెత్తబడిపోతాయి. అయినా దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నానంటే, ఖాళీ గ్లాసు ముందు పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నా యజమాని లేవమనకపోవడమే కారణం. మొన్న అక్కడ మిత్రులతో మాట్లాడుతుండగా, బ్రిటన్ యుద్ధమంత్రి ప్రొఫ్యూమో ఒక యువతితో తన పరిచయంలో అనుచితమేదీ లేదని 1963 మార్చిలో పార్లమెంటుకు చెప్పి, జూన్‌లో అది అబద్ధమని ఒప్పుకొని రాజీనామా చేసిన సంగతి ప్రస్తావనకు వచ్చింది. నాయకుడి సొంత జీవితం అతనిదే కావచ్చు గానీ, సభలో ఆడిన అబద్ధానికి ప్రజలకు జవాబు చెప్పాల్సిందేనని నేను గట్టిగా వాదించాను. అక్కడి నుంచి చర్చ దగా, జబర్దస్తీ వంటి పారసీక పదాలు మన వీధి వాడుకలో కలిసిపోయిన తీరు మీదికి మళ్లింది. సాయంత్రం బల్లలు దొరకవు కనుక, తీరిగ్గా మాట్లాడుకోదలచిన వారు మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో వెళ్లడం మంచిది.