విడుదల తర్వాత: సొంత ఇల్లా, పునరావాస గృహమా?

జైలు నుంచి విడుదలయ్యే వ్యక్తి నేరుగా కుటుంబం దగ్గరికి వెళ్లాలా, కొన్ని నెలలు పునరావాస గృహంలో ఉండాలా అన్నది విడుదలకు చాలా ముందే ఆలోచించవలసిన విషయం. ఖైదీ భవిష్యత్తును శిక్ష ఆరంభం నుంచే దృష్టిలో ఉంచుకోవాలని ఖైదీల పట్ల వ్యవహరించే తీరుపై ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు చెబుతున్నాయి.

ఖర్చు: ఇంట్లో భారం కుటుంబం మీద పడుతుంది. పునరావాస గృహంలో చాలావరకు నిర్వాహకులే భరిస్తారు.

శ్రమ: ఇంటికి వెళ్తే గుర్తింపు పత్రాలు, ఉపాధి, వైద్యం తామే చూసుకోవాలి. గృహంలో సిబ్బంది సాయం ఉంటుంది, వేళల కట్టుబాట్లూ ఉంటాయి.

ప్రమాదం: అన్నిటికన్నా బరువైన అంశం ఇదేనని నా అభిప్రాయం. ఓపియాయిడ్ (హెరాయిన్, మార్ఫిన్ వంటివి) మత్తుకు అలవాటుపడినవారిలో, జైలులో ఉన్న కాలంలో, దాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది కాబట్టి బయటికొచ్చాక పాత మోతాదే ప్రాణం తీయగలదు. మొదటి రెండు వారాలు మరీ ప్రమాదకరం. అలాంటి రోజుల్లో మనిషిని పాత స్నేహాల మధ్యకు ఒంటరిగా పంపడం తగదు. ఈ వ్యసనానికి మందులుగా ఇచ్చే మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్‌తో చికిత్స జైలులోనే మొదలై, విడుదల తర్వాతా ఆగకుండా సాగితే, ఎక్కడ ఉన్నా ముప్పు తగ్గుతుంది.

వ్యసనం లేక, ఆదరించే కుటుంబం ఉన్నవారికి ఇల్లే మేలు. ఇంట్లో హింస లేదా మత్తు వాడకం ఉన్నా, నేరానికి గురైన వ్యక్తి అదే ఇంట్లో ఉన్నా, పునరావాస గృహాన్నే ఎంచుకోవాలి.