కంపెనీ చేతులు మారాక: ఒక స్మార్ట్ హబ్‌తో ఏడేళ్లు

అమ్మ మంచం పక్కన గోడకు ఒక తెల్లటి బటన్ అంటించి ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా చిన్నది. లోపల సీఆర్ 2032 బ్యాటరీ. రాత్రి లేచినప్పుడు అది నొక్కితే బాత్రూం దారిలో దీపం వెలగాలి, తిరిగి వచ్చి నొక్కితే ఆరిపోవాలి. మేము స్మార్ట్ హబ్, అంటే బటన్లను, దీపాలను, సెన్సర్లను కలిపి నడిపే పెట్టె, కొన్నది ముఖ్యంగా ఈ ఒక్క పని కోసం. అందుకే దాని బాగోగులు ఆ బటన్‌ను బట్టే చెబుతాను.

ఆ హబ్‌ను ఇప్పుడు ఎవరూ అమ్మడం లేదు కాబట్టి పేరు రాయడం లేదు. తయారుచేసింది ఒక చిన్న కంపెనీ. దానికి ఆరు బల్బులు, రెండు కదలిక సెన్సర్లు, వీధి తలుపుకు ఒక సెన్సర్, అమ్మ బటన్ కలిపాను. తర్వాత అదే కంపెనీ కెమెరా కూడా ఒకటి కొన్నాను.

మొదటి రెండున్నరేళ్లు దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఒకరోజు పొద్దున్నే ఇంటర్నెట్ పోతే సాయంత్రం దాకా నేను గమనించనే లేదు, ఎందుకంటే దీపాలు ఎప్పటిలాగే వెలిగాయి. బటన్, బల్బు, హబ్ మాట్లాడుకునేది జిగ్బీ అనే రేడియో పద్ధతిలో. ఏ బటన్ నొక్కితే ఏ దీపం వెలగాలన్న నియమాలన్నీ హబ్‌లోనే ఉండేవి. సందేశం మా గుమ్మం దాటవలసిన అవసరమే లేదు. ఒకసారి యాప్‌లో తప్పు కనిపించి కంపెనీకి రాస్తే, ఆ భాగం రాసిన ఇంజినీరే జవాబిచ్చి వారం రోజుల్లో సరిచేశారు. ఎవరు అడిగినా ఇదే కొనమని చెప్పేవాణ్ణి. నా మాట విని కొన్నవాళ్లు ఇద్దరున్నారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మూడో ఏడు మధ్యలో, ఆ కంపెనీని ఒక పెద్ద సంస్థ కొన్నదని ఈమెయిల్ వచ్చింది. మీ పరికరాలు యథాప్రకారం పనిచేస్తాయని అందులో రాశారు. ఏడాది పాటు ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. సెక్యూరిటీ అప్‌డేట్లు అంతకుముందు కన్నా క్రమంగా వచ్చాయి, నోటిమాటతో దీపాలు వెలిగించడం మెరుగుపడింది. ఈ మేలును కాదనను.

ఆ తర్వాత పాత ఖాతా చెల్లదన్నారు, పెద్ద సంస్థ ఖాతాలోకి మారాలన్నారు. యాప్ తెరిస్తే కొత్త షరతుల పేజీ వచ్చేది, ఒప్పుకోకపోతే దాన్ని దాటి ముందుకు పోనిచ్చేది కాదు. నేను డబ్బు కట్టిన నాటి షరతులు వేరు. ఇంటి దీపాలన్నీ ఆ పేజీ వెనుక ఉన్నప్పుడు ఒప్పుకోను అనే అవకాశం ఎవరికి ఉంటుంది? ఒప్పుకున్నాను.

అసలు దెబ్బ ఒక రాత్రి దానంతటదే ఎక్కిన అప్‌డేట్‌తో తగిలింది. హబ్‌లో ఉన్న నియమాలను సంస్థ సర్వర్లకు తరలించారు. ఇక బటన్ నొక్కితే ఆ సందేశం ఇంటర్నెట్ మీదుగా ఎక్కడికో వెళ్లి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి వస్తేనే దీపం వెలుగుతుంది. నాకు ఇది వెంటనే తెలియలేదు. పది రోజుల తర్వాత అర్ధరాత్రి మంచినీళ్ల కోసం లేచి చూస్తే, అమ్మ చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తోంది. బటన్ నొక్కలేదేమని అడిగాను. "నొక్కుతూనే ఉన్నానురా. వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. నా వేలికి బలం తగ్గిందేమో" అంది.

మర్నాడు నేనే నొక్కి చూశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా ఏమీ లేదు, అప్పుడు వెలిగింది. రాత్రుళ్లు నాలుగు, అయిదు కూడా పట్టింది. అంతసేపు చీకట్లో ఎవరు ఆగుతారు? అమ్మ రెండోసారి నొక్కేది. మొదటి నొక్కుకు దీపం వెలిగేది, వెనకే వచ్చిన రెండో నొక్కుకు ఆరిపోయేది. లోపం ఆమె వేలిలో లేదు. పది రోజులు ఆమె తనను తాను అనుమానించుకుంది, నాకు చెప్పకుండా గోడ పట్టుకుని నడిచింది. పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

సహాయ విభాగానికి మూడుసార్లు రాశాను. రెండుసార్లు రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. మూడోసారి నిజం చెప్పారు: కొత్త పద్ధతి ఇంతే, పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లే దారి లేదు. సంస్థ డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌ను తప్ప ఆ హబ్ దేన్నీ తనలోకి రానివ్వదు. పెట్టె మా అలమరలో ఉంది, దాని తాళం చెవి మాత్రం మా దగ్గర లేదు.

మిగతా మార్పులు ఒక్కొక్కటే వచ్చాయి. వేరే కంపెనీల పరికరాలతో ఉన్న లంకె తెంచారు. తలుపు ఎప్పుడు తెరుచుకుందో చూపే చరిత్రకు నెలవారీ రుసుము పెట్టారు. ఆరో ఏడు చివర, ఈ హబ్‌కు సేవలు ఆపేస్తున్నామని ఆరు నెలల గడువు ఇచ్చారు, కొత్త మోడల్ మీద తగ్గింపు ఇస్తామన్నారు. గడువు నాడు హబ్ మీది పచ్చ దీపం నారింజ రంగుకు మారింది. మళ్లీ పచ్చబడలేదు.

ఇది మా ఒక్క ఇంటి కష్టం అనుకున్నాను. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ వరస పాతదేనని. గూగుల్ 2014 జనవరిలో ఇంటి స్మార్ట్ పరికరాలు చేసే నెస్ట్‌ను 320 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ నెస్ట్ అదే ఏడాది అక్టోబరులో రివాల్వ్ అనే హబ్ కంపెనీని కొన్నది. ఆ హబ్ ధర దాదాపు 300 డాలర్లు, జీవితకాలపు సేవ అందులో భాగమని చెప్పి అమ్మినది. 2016 మే 15న దాని సర్వర్లు ఆపేశారు, ఏ లోపమూ లేని హబ్‌లు ఒక్కరోజులో ఎందుకూ పనికిరాకుండా పోయాయి. 2014లోనే నెస్ట్ కొన్న డ్రాప్‌క్యామ్ కెమెరాలకు 2024 ఏప్రిల్ 8 ఆఖరి రోజైంది. కంపెనీ చేతులు మారాక వాటికి దాదాపు పదేళ్లు దొరికాయి, రివాల్వ్ హబ్‌లకు రెండేళ్లు కూడా దొరకలేదు. ఎన్నాళ్లు నడుస్తుందన్నది వస్తువు నాణ్యతను బట్టి లేదు. కంపెనీని కొన్న సంస్థకు దానితో ఎంత కాలం పని ఉందన్నదాన్ని బట్టి ఉంది.

నాకు ఊరట కలిగించింది పెబుల్ స్మార్ట్ గడియారాల కథ. 2016 డిసెంబరులో, నడక, వ్యాయామం లెక్కపెట్టే చేతి పట్టీలు చేసే ఫిట్‌బిట్ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆస్తులను కొన్నది, 2018 జూన్ 30న సేవలు ఆగిపోయాయి. వాడేవాళ్లే కూడి రెబుల్ పేరుతో సొంత సేవలు నిలబెట్టి గడియారాలను బతికించారు. 2021లో ఫిట్‌బిట్ గూగుల్ చేతికి వచ్చింది. 2025 జనవరిలో గూగుల్ పెబుల్ సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగాన్ని అందరికీ తెరిచి ఇచ్చింది. ఈ పని ఒకరు చేయగలిగినప్పుడు అందరూ చేయగలరు. మా హబ్‌ను మూసేసిన రోజు దానికి కూడా ఈపాటి మర్యాద దక్కాలని కోరుకున్నాను. దక్కలేదు.

అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 స్మార్ట్ ఉత్పత్తులను పరిశీలించి 2024 నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయో 163 ఉత్పత్తుల పేజీల్లో చెప్పనే లేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి సెక్యూరిటీ అప్‌డేట్ల కనీస గడువును తయారీదారు ముందే ప్రకటించాలి. మంచి చట్టమే. కానీ మా బటన్ ఆలస్యం సెక్యూరిటీ లోపం కాదు, అప్‌డేట్ వల్ల వచ్చినది. కొన్న రోజు ఇంట్లోనే నడిచిన పనిని తర్వాత సర్వర్‌కు ముడిపెట్టకూడదని కూడా ఒక నియమం రావాలి.

పాత హబ్ స్థానంలో ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్నది హోమ్ అసిస్టెంట్. పౌలస్ స్కౌట్‌సెన్ 2013లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోవచ్చు. అరచేతిలో పట్టే కంప్యూటర్, దానికి ఒక జిగ్బీ యూఎస్‌బీ స్టిక్, అంతే. జిగ్బీలో రహస్య సంకేతం హబ్ దగ్గర ఉంటుంది కాబట్టి, పాత హబ్ పోయాక ప్రతి పరికరాన్నీ మొదటి స్థితికి తెచ్చి కొత్తగా కలపాలి. బల్బులనైతే వరసగా ఆరుసార్లు ఆపి మళ్లీ వేయాలి, బటన్ వెనుక చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కాలి. రెండు సాయంత్రాలు పట్టింది. దూరంగా ఉన్న బల్బు ఒకటి ఎంతకీ దొరకలేదు. స్టిక్‌ను నేరుగా యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టడమే తప్పు, ఆ పోర్టు రొద జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు అడ్డం వస్తుంది. మీటరు పొడవు తీగతో స్టిక్‌ను పక్కకు జరపగానే బల్బు దొరికింది.

ఆ రాత్రి అమ్మ చేత నొక్కించాను. వేలు తీసేలోపే దీపం వెలిగింది. మళ్లీ నొక్కింది, ఆరింది. నాలుగైదుసార్లు అలా చూసుకుని, "సరే, పడుకో" అంది.

ఈ దారి అందరికీ నప్పుతుందని చెప్పను. ప్రతి నెలా అప్‌డేట్లు చూసుకోవాలి, బ్యాకప్ తీయాలి. నేను ఊళ్లో లేనప్పుడు ఆగిపోతే ఏం చేయాలో కాగితం మీద రాసి అలమర తలుపు లోపల అంటించాను. కెమెరా మాత్రం దక్కలేదు, దాని బొమ్మ సంస్థ సర్వర్ మీదుగా తప్ప రాదు. పాత హబ్ కూడా అంతే. లోపలి రేడియో చిప్ నిక్షేపంలా ఉన్నా చేయగలిగింది లేదు, రెండింటినీ ఈ-వ్యర్థాల సేకరణకు ఇచ్చాను.

చిన్న కంపెనీ చేతిలో ఉన్న హబ్‌కు అయిదుకు అయిదు ఇస్తాను. చేతులు మారాక ఒకటి, అది కూడా గడువు ముందే చెప్పినందుకు. స్మార్ట్ పరికరం ఏది కొన్నా, వాపసు గడువు తీరకముందే ఒక సాయంత్రం ఇంటర్నెట్ తీగ పీకి, ప్రతి బటనూ నొక్కి చూడండి.

ప్రస్తుతం కొత్త కెమెరా వెతుకుతున్నాను. ఇంటర్నెట్ లేకుండా ఇంట్లోనే బొమ్మ చూపిస్తుందా, రికార్డు చేస్తుందా అని ముగ్గురు తయారీదారులకు రాశాను. ఇద్దరి నుంచి జవాబు లేదు. మూడోవారు అవునని చెప్పి, వినియోగ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా రాశారు. అదే తెప్పిస్తున్నాను. రాగానే ముందు తీగ పీకి చూస్తాను.