జేబులో ఫోనా, చేతికి బ్యాండా?

పొద్దున అయిదున్నరకు నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోతే "ఎన్నయినయ్?" అనే మాటే పలకరింపు. అడుగుల లెక్క అది. మా ఆయన ఫోన్‌తో లెక్కపెడతారు, నేను చేతి బ్యాండ్‌తో. ఏది కొనాలని నడకలో కలిసినవాళ్లు అడుగుతుంటారు. ఏడాదిగా రెండూ చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా.

ఫోన్‌కు కొత్తగా పెట్టే ఖర్చేమీ లేదు. కదలికను పసిగట్టే సెన్సార్ అందులోనే ఉంటుంది, ఉచిత యాప్ ఒకటి వేసుకుంటే చాలు. మా ఆయన ప్యాంటు జేబులో పెట్టుకుని క్లాక్ టవర్ దాకా పోయొస్తే లెక్క బాగానే వస్తుంది. అయితే చీరకు జేబు లేదు. వాకిలి ఊడ్చి, నల్లా నీళ్లు పట్టి, డాబా మీద బట్టలు ఆరేసి, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించి వచ్చేదాకా నా ఫోన్ ఫ్రిజ్ మీదే ఉండేది. రాత్రి చూస్తే తొమ్మిది వందల అడుగులు! "అంటే పొద్దంతా కూసున్ననా?" అని మా ఆయన్ని అడిగాను. ఆ ఆదివారమే బ్యాండ్ కొన్నాం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 7 లక్షల మందికి పైగా ఫోన్లలోని అడుగుల లెక్కలు తీసుకుని 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో మన దేశం సగటు రోజుకు 4,297 అడుగులు, చాలా కింది వరుస. మనవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్ల అడుగులు ఇంకా తక్కువ. నిజంగానే తక్కువ నడుస్తుండొచ్చు. కానీ ఫ్రిజ్ మీది ఫోన్ల వాటా కూడా అందులో ఉంటుందని నా అనుమానం.

బ్యాండ్ ఇంటి పనిని కూడా లెక్కలోకి తెస్తుంది. అట్లని పూర్తిగా నమ్మడానికి లేదు. చెయ్యి ఊపితే అడుగు అనుకుంటుంది కాబట్టి బట్టలు ఉతికినా కొన్ని కలుపుతుంది, బరువు సంచి పట్టుకుని చెయ్యి ఊపకుండా నడిస్తే కొన్ని ఎగ్గొడుతుంది. ఎండాకాలం పట్టీ కింద చెమటకు దురద కూడా.

బరువు తగ్గుతామా అంటే, ఆ ఆశతో మాత్రం కొనకండి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 471 మందితో రెండేళ్లు చేసిన పరిశోధన 2016లో వచ్చింది. తిండి, వ్యాయామం సలహాలు అందరికీ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత కొందరి చేతికి పరికరం కట్టారు, మిగతావాళ్లు తమ లెక్క తామే నమోదు చేసుకున్నారు. చివరికి తామే రాసుకున్నవాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గితే, పరికరం ఉన్నవాళ్లు 3.5 కిలోలే. నడక సంగతి వేరు. ఇలాంటి పరికరాల మీద వచ్చిన పాత సమీక్షలన్నీ కలిపి 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూస్తే, వాడేవాళ్లు రోజుకు దాదాపు 1,800 అడుగులు ఎక్కువ వేస్తున్నారని తేలింది. బరువులో తేడా మాత్రం ఒక కిలో అంతే.

మా అత్తమ్మకు ఈ రెండూ వద్దన్నాను. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు బిగిసినయి. సరదాకు నా బ్యాండ్ ఒకరోజు కడితే గంటకోసారి బుర్రుమని లెమ్మంది. "ఇదేం పీడ బిడ్డా" అని తీసి ఇచ్చేసింది. ఎవరు ఏ బోరు నీళ్లు తాగి పెరిగారో యాప్‌కేం తెలుసు? అందులో ముందే పెట్టి ఉండే పది వేల లక్ష్యం కూడా డాక్టర్ రాసింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటర్‌కు పెట్టిన పేరు అది. సగటున 72 ఏళ్ల అమెరికా ఆడవాళ్లను గమనించిన 2019 అధ్యయనంలో 4,400 దగ్గరే మరణాల ముప్పు బాగా తగ్గింది, 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. అత్తమ్మ సాయంత్రం పక్కింటి పెద్దమ్మతో గుడి దాకా పోయొస్తుంది, అది చాలు.

పత్తి చేన్లో పొద్దంతా వంగి లేచేవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. ఆఫీసులో, దుకాణంలో కూర్చునే మగవాళ్లకు ఫోన్ సరిపోతుంది. ఫోన్ ఒకచోట పెట్టి పని చేసుకునే ఆడవాళ్లకు తక్కువ ధరలో దొరికే మామూలు బ్యాండ్ మేలు, ఖరీదైన వాచీ అవసరం లేదు. కొనేముందు చార్జర్ విడిగా దొరుకుతుందో లేదో అడగండి. నాది పోయి పది రోజులైంది, ఊళ్లో ఎక్కడా దొరకలేదు.