కూన మగదో ఆడదో తేల్చడానికి ఏది మేలు: రంగు చూడడమా, తోక ఎత్తడమా?

మా అటక మీద మూడు రంగుల పిల్లి మూడు కూనల్ని పెట్టింది. ఒకటి తల్లి పోలికే, ఇంకొకటి నిండు నారింజ, మూడోది నలుపు తెలుపు. పక్కింటివారు "మగదైతేనే ఇవ్వండి" అన్నారు. తోక ఎత్తి చూడడం దేనికి, రంగు చూస్తే తెలియదా అనుకున్నాను.

మూడు రంగుల కూన విషయంలో ఆ ధీమా సరైనదే. నారింజ రంగునిచ్చే మార్పు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అక్కడ సుమారు 5,000 అక్షరాల డీఎన్ఏ ముక్క లోపించడమే దానికి కారణమని జపాన్, అమెరికా బృందాలు 2025లో ప్రకటించాయి. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే కాబట్టి నారింజో నలుపో ఒక్కటే వస్తుంది. ఆడపిల్లికి రెండు. పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణంలో ఒక ఎక్స్ మూగబోతుంది, ఏది మూగబోవాలో చీటీ వేసినట్టే తేలుతుంది. అందుకే ఒకే ఒంటి మీద రెండు రంగులు. 2001లో టెక్సస్‌లో క్లోనింగ్‌తో పుట్టిన సీసీ అనే పిల్లికి మూలం మూడు రంగుల పిల్లే అయినా, సీసీకి నారింజ రంగు రానే లేదు! క్లోనింగ్‌కు తీసుకున్న కణంలో నారింజ ఎక్స్ అప్పటికే మూగబోయి ఉంది మరి. తెలుపు సంగతి వేరు. దాని జన్యువు ఇంకో క్రోమోజోము మీద ఉంటుంది, దానికి ఆడ మగ తేడా లేదు. మూడు రంగుల మగది దాదాపు 3,000లో ఒకటి. దానికి సాధారణంగా ఒక ఎక్స్ అదనంగా ఉంటుంది, సంతానం కలగదు.

నారింజ కూన దగ్గరే నేను బోల్తా పడ్డాను. ఊళ్లోని పిల్లుల ఎక్స్‌లలో అయిదింట ఒకటి నారింజది అనుకోండి. మగవాటిలో 20 శాతం నారింజ రంగులో ఉంటాయి. ఆడదానికి రెండు ఎక్స్‌లూ నారింజవే కావాలి, అంటే 4 శాతమే. ఈ లెక్క నమ్ముకుని కూనను పక్కింటికి ఇచ్చేశాను. వారు రాజు అని పేరు పెట్టుకున్నారు. టీకా వేయించడానికి తీసుకెళ్తే డాక్టరు ఆడదన్నారు. నిండు నారింజ కూతురు పుట్టాలంటే తండ్రి కూడా నారింజ రంగుదే అయి ఉండాలి. రోజూ మా గోడ మీద అమాయకంగా కూర్చునే ఎర్ర గండుపిల్లి గుట్టు అలా బయటపడింది.

నలుపు తెలుపు కూనలో రంగు ఏమీ చెప్పదు, తోక ఎత్తాల్సిందే. ఆరు వారాలు నిండాక వెలుతురులో చూడండి. మలద్వారం కింద కాస్త ఎడంగా గుండ్రటి రంధ్రం ఉండి, రెండూ కలిసి విసర్గలా కనిపిస్తే మగది. కింద నిలువు చీలిక దాదాపు ఆనుకుని ఉంటే ఆడది. ఒక్క కూననే చూస్తే ఎడం అంచనా దొరకదు, తోబుట్టువుల పక్కన పెట్టి చూడాలి.

నలుపు, నారింజ కలిసి ఉంటే రంగును నమ్ముతాను. మిగతా అన్నిటికీ తోకే. మా నలుపు తెలుపుది విసర్గే. మార్చి ఇస్తానంటే పక్కింటివారు ఒప్పుకోలేదు. రాజు వారి సోఫా మీద స్థిరపడిపోయింది.